మూడు గుడారాల దారి

జౌజా తన ఆడగుర్రానికి జీను బిగించిందంటే చాలు, లోయలో మూడు గుడారాల్లో టీ కెటిళ్ళు పొయ్యెక్కేవి. ఎవరూ కబురు చెయ్యనక్కర్లేదు. ఇసుక మీద లేచిన చిన్న దుమ్ముతెర చూసే ఆడవాళ్ళు, "అదుగో మన పిల్ల బయల్దేరింది" అని గ్లాసులు కడుక్కునేవారు.

మొదటిది తురయ్యా అత్త గుడారం, రెండోది మిజ్నా అత్తది. ఇద్దరూ జౌజా తండ్రికి తోడబుట్టినవాళ్ళు. మూడోది ఎర్రకొండ మలుపులో ఉండే దఖీల్ తాతది. ఆయన ఎవరికి ఏ వరసలో తాతవుతాడో ఎవరూ విచారించలేదు. అందరికీ తాతే. గుడారం ముందు నుంచి పలకరించకుండా పోవడమంటే లోపలివాళ్ళ మొహాన ఇసుక చల్లినట్టే. అందులోనూ సొంత మేనకోడలు. అందుకని జౌజా ప్రతి గుడారం దగ్గరా దిగేది. కొండల్లో కోసుకొచ్చిన ఘాటు ఆకు వేసి కాచిన తియ్యటి టీ తాగేది. గుర్రానికీ మర్యాద జరిగేది. అతిథి ఎక్కి వచ్చిన జీవం కూడా అతిథే కదా. తురయ్యా అత్త ఖర్జూరాలు పెట్టేది. మిజ్నా అత్త రొట్టె తుంచి పెట్టేది. దఖీల్ తాత దోసిట్లో బార్లీ పోసుకుని, దాని మూతి తన అరచేతిలో ఆడుతుంటే చిన్నపిల్లాడిలా నవ్వేవాడు.

ఆ గుర్రం పేరు సమ్హా. బూడిద రంగుది, కొంచెం పొట్టిది. వాదీ రమ్ లోయకి వచ్చే పరదేశపు ఆడవాళ్ళను గుర్రాల మీద ఎడారి దారుల్లో తిప్పడం జౌజా పని. అద్దె గుర్రాలతో ఆ పని పొద్దున్నే ముగించుకుని, ఎండ వాలాక సమ్హాతో సాధనకు బయల్దేరేది. వసంతంలో జరిగే ఎనభై కిలోమీటర్ల దూరపందెంలో సమ్హాను దింపాలని ఆమె కోరిక.

సమ్హా పుట్టింది షోబక్ కొండల్లో, జౌజా మేనమామ ముత్లగ్ లాయంలో. "తల్లి పోలిక రాలేదు, మరుగుజ్జు" అని ఆయనే దాన్ని మేనకోడలికి ఎక్కి తిరగడానికి ఇచ్చాడు. ఇచ్చాడంటే, ఇదిగో తీసుకో అన్నాడు గానీ ఇదిగో నీదే అనలేదు. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో, ఆకురాలే కాలంలో ఆయన చూడ్డానికి వచ్చినప్పుడు తెలిసింది. సమ్హా చుట్టూ మూడుసార్లు తిరిగాడు. దాని ఛాతీ మీద చెయ్యి వేశాడు, మోకాళ్ళు తడిమాడు. మరుగుజ్జు నిండుగా తయారైంది.

"పద, నువ్వెలా తిప్పుతున్నావో నేనూ చూస్తా" అని అద్దె గుర్రం ఒకటి ఎక్కాడు.

తురయ్యా అత్త గుడారం కనబడగానే సమ్హా చెవులు నిక్కించింది. దౌడు ఆపి నడకలోకి వచ్చింది. గుడారం తాళ్ళ ముందు ఠక్కున నిలబడింది.

"ఏమైందే? గిట్టలో రాయి దూరిందా?" అన్నాడు మామ.

"లేదు మామా. అత్త గుడారం."

"అయితే?"

"అయితే ఏముంది, టీ తాగాలి."

రెండో గుడారం దగ్గరా అంతే. మూడో గుడారంలో దఖీల్ తాత చిన్న కప్పుల్లో కాఫీ పోశాడు. ముత్లగ్ మామ ఆ కోపంలో కప్పు అటూ ఇటూ ఊపి తిరిగివ్వడం మరిచిపోయాడు. ఊపకుండా ఇస్తే ఇంకా కావాలన్నట్టే. తాత మళ్ళీ పోశాడు, మళ్ళీ పోశాడు. ఆ మనిషి కడుపులో టీ, కాఫీ కలిసి బిందెలో నీళ్ళలా కదులుతుండగా, పొద్దుగూకేవేళకి ఇల్లు చేరారు.

గుర్రం దిగుతూనే మామ అందుకున్నాడు. "దీన్ని పందేనికి తయారు చేస్తున్నావా, పెళ్ళిపిలుపులకి తిప్పుతున్నావా?"

"మధ్యలో పరిగెడుతోంది కదా మామా."

"పరిగెత్తుతుంది! గుడారం నుంచి గుడారం దాకా! తిండి ఎక్కడ దొరికితే అక్కడ ఆగడానికి అది గుర్రమా, మీ అన్నయ్యా?"

లాయం గుమ్మంలో రొట్టె నములుతున్న అన్న ఫుహైద్ నమలడం ఆపి, "నన్నెందుకు లాగుతావ్ మామా మధ్యలోకి?" అన్నాడు.

మామ వాడివైపు చూడలేదు. "చెప్తున్నా విను పిల్లా. ఇది నా లాయంలో పుట్టింది. దీని కడుపున మంచి పిల్లలు పుడతాయి, నాకు కనబడుతోంది. నేను తీసుకుపోతా."

జౌజా చెయ్యి దానంతటదే సమ్హా జూలులోకి పోయింది. గిన్నెలు తోముతున్న తల్లి తలెత్తకుండానే, "నా కూతురు దాన్ని ఇంతదాన్ని చేశాక నీకు గుర్తొచ్చిందా తమ్ముడూ, అది నీ లాయంలో పుట్టిందని?" అంది.

అక్కమాట ముత్లగ్‌కి తగలాల్సిన చోట తగిలింది. గడ్డం గోక్కున్నాడు. "సరే, ఒక మాట. వసంతం పందెంలో నిలబెట్టు. మొదటిది రావాలనడం లేదు, ఆఖరున వచ్చినా ఒప్పుకుంటా. గడువులోపల గీత దాటాలి, డాక్టర్లు గుర్రం బాగుందని రాయాలి. రాశారా, ఇది నీది. మళ్ళీ నోరెత్తను. రాయలేదా, ఆ సాయంత్రమే నా వెంట కొండెక్కుతుంది."

దూరపందెంలో ఆ రెండో మాటే కష్టమైనది. ఒక్కో చుట్టు అయ్యాక డాక్టర్లు గుర్రం గుండె వేగం చూస్తారు. ఇచ్చిన కాసేపట్లో అది నిమిషానికి అరవై నాలుగుకి దిగాలి. దిగకపోతే ఇంటికి పొమ్మంటారు. ఆఖరి గీత దాటాక కూడా అదే పరీక్ష. గాలిలా ముందు వచ్చినా గుండె దిగకపోతే ఆ గుర్రం రానట్టే.

*

చలికాలమంతా జౌజాకి వేరే ధ్యాస లేదు. మెత్తటి ఇసుకలో నడిపించింది, ఎందుకంటే అక్కడ పరుగెత్తిస్తే నరాలు లాగేస్తాయి. గట్టి నేల మీద పరుగెత్తించింది. వాలు వచ్చినచోట తాను దిగి పక్కన నడిచింది. ఇంటికొచ్చాక కాళ్ళకి తడిమట్టి పూసి, దవడ కింద నరం మీద వేలుపెట్టి గుండె కొట్టుకోవడం లెక్కపెట్టేది. అన్నీ బాగానే ఉన్నాయి. ఆ గుడారాలే బాగాలేవు. బాగాలేవని పైకి అనడానికీ లేదు.

మొదట దారి మార్చి చూసింది. గుడారాలు లేని రాళ్ళవాగు వెంబడి తీసుకుపోయింది. నాలుగు రోజులకి సమ్హా ఎడమ గిట్ట అడుగున కమిలి కుంటింది. పైగా అయిదో రోజుకల్లా మిజ్నా అత్త మేకల కాపరి చేత కబురంపింది. "మా టీ చేదెక్కిందా అని అడగమంది అత్త" అన్నాడు వాడు.

ఇక తప్పక పాత దారికే వచ్చింది. ఆగకుండా దాటిద్దామని మడమలతో పొడిచింది, బతిమాలింది, పాట పాడింది. సమ్హా గుడారం ముందు కొండరాయిలా నిలబడేది. ఖర్జూరం నోట్లో పడ్డాక మాత్రం, ఇప్పుడు చెప్పు ఎక్కడికి పోదాం అన్నట్టు చూసేది. ఫుహైద్ తన ట్రక్కులో పక్కనే వస్తూ ఇది చూసి నవ్వలేక చచ్చేవాడు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదంటారు. దీనికి కళ్ళు కూడా ఉన్నాయి. ఇంక ఆగుతుందా?"

"నీకు నవ్వులాటగా ఉందిరా అన్నా. మామ తీసుకుపోతే తెలుస్తుంది."

వాడి నవ్వు ఆగిపోయింది. "అయితే అత్తలతో మాట్లాడు. నాకా ధైర్యం లేదు, నీకే ఉండాలి" అన్నాడు.

పందెం దారి ప్రకటించాక ఆ ధైర్యం తెచ్చుకోక తప్పలేదు. రెండో చుట్టు సరిగ్గా మూడు గుడారాల ముందు నుంచే పోతుంది. జౌజా తురయ్యా అత్త దగ్గర కూర్చుని, రెండు గ్లాసుల టీ తాగాక, నేల చూస్తూ విషయం చెప్పింది. మిజ్నా అత్త కూడా అక్కడే ఉంది.

"అంటే ఆ రోజు మేం బయటికి రాకూడదా?" అంది తురయ్యా అత్త.

"రాకపోతే మంచిది అత్తా. గుడారం కనబడినా అది ఆగుతుంది. తెర దించేసుకుంటే..."

"తెర దించుకోవాలా! మేనకోడలు గుడారం ముందు నుంచి దాహంతో పోతుంటే, నేను తెరవెనక దాక్కుని కూర్చోవాలా? రేపు నలుగురూ ఏమంటారే? తురయ్యా పిసినారిదయింది అనరూ?"

"అత్తా, సమ్హా పోతుంది."

ఆ మాట మెల్లగానే అంది. కానీ దాని వెనక ఉన్న తడి ఇద్దరత్తలకీ వినబడింది. తురయ్యా అత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది. మిజ్నా అత్త అక్కవైపు చూసింది. కళ్ళతోనే ఏదో మాట్లాడుకున్నారు.

"సరే. నీ దారిలో మా గుడారాలుండవు. ఇది నా మాట. తాతకి కూడా నేనే చెప్తా. లే, ఇంకో గ్లాసు తాగు."

జౌజా ఆ రాత్రి చాలా కాలం తర్వాత కంటినిండా నిద్రపోయింది.

*

పందెం రోజు తెల్లవారకముందే చలిలో ముప్పై గుర్రాలు బయల్దేరాయి. మొదటి చుట్టు సాఫీగా సాగింది. విశ్రాంతి చోట ఫుహైద్ బకెట్లతో నీళ్ళు పోశాడు, సమ్హా గుండె తొందరగానే దిగింది. ముత్లగ్ మామ చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి చూశాడు.

రెండో చుట్టులో గుడారాల చోటు దగ్గరపడుతుంటే జౌజా లగాం బిగించి పట్టుకుంది. అక్కడ గుడారం లేదు. తాళ్ళు కట్టిన మేకుల గుంటలు, పొయ్యి బూడిద, మేకల పెంటికలు. అంతే. ఆడవాళ్ళిద్దరూ మాట నిలబెట్టుకున్నారు. మాట కోసం ఇల్లే పీక్కుని పోయారు. సమ్హా బూడిద వాసన చూసి, ఒకసారి తలెత్తి, ఇదేమిటి అన్నట్టు చెవులు తిప్పింది. తర్వాత కదిలింది. రెండో చోటూ ఖాళీ. తాత చోటూ ఖాళీ. అత్తల మీద ప్రేమతో జౌజా కళ్ళు చెమ్మగిల్లాయి.

ఇంక ఆపేవాళ్ళు లేరు. అమ్మాన్ లాయం వాళ్ళ ఎర్రటి పోతుగుర్రం ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. సమ్హా దాని వెంట పడింది. గాలి చెవుల్లో ఈలవేస్తుంటే జౌజాకి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఇది ఇలా పరుగెత్తగలదని తనకే తెలియదు. లగాం వదిలేసింది.

ఆ సరదా డాక్టరమ్మ ముందుకి వచ్చాక దిగిపోయింది. సమ్హా డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నీళ్ళు పోసినా, నీడకి తెచ్చినా గుండె డెబ్బై దగ్గర అతుక్కుపోయింది. ఫుహైద్ గడియారం చూస్తూ పెదవి కొరుక్కున్నాడు. గడువు అయిపోవస్తుండగా, ఆఖరి క్షణంలో అరవై నాలుగుకి జారింది.

డాక్టరమ్మ స్టెతస్కోపు మెడలో వేసుకుని, "దీన్ని రోజూ ఎలా పరుగెత్తిస్తారు?" అని అడిగింది.

"గుడారం నుంచి గుడారానికండీ" అంది జౌజా. ఏం చెప్పాలో తోచక ఉన్నదున్నట్టు చెప్పింది.

"అంటే మధ్యమధ్యలో ఆగుతూ. మరి ఈ చుట్టులో ఎక్కడైనా ఆగారా?"

"లేదండీ."

"అదీ సంగతి. ఒంటికి అలవాటైంది వేరు, ఇవాళ చేయించింది వేరు. ఇలాగే ఇంకో చుట్టు తెచ్చారంటే ఆఖరున గుండె దిగదు. నేను పంపించలేను. చూసుకోండి."

జౌజాకి అప్పుడర్థమైంది. చలికాలమంతా తాను శనిలా చూసిన ఆ టీ గ్లాసులే సమ్హాకి ఊపిరి తిప్పుకోవడం నేర్పాయి. ఆ గుడారాలని తనే బతిమాలి పీకించింది. తన చేత్తో తనే.

మామ దగ్గరికొచ్చాడు. గొంతులో వెటకారం లేదు. "ఆపెయ్ పిల్లా. అలిసింది. నేనెలాగూ బాగా చూసుకుంటా, నీకు తెలుసుగా."

"తెలుసు మామా" అని జౌజా జీను పట్టీ బిగించింది. "గీత దాటాక మాట్లాడదాం."

*

మూడో చుట్టు చిన్నదే. జౌజా జాగ్రత్తగా తెచ్చింది. నడిపించింది, చిన్నపరుగు పెట్టించింది, వాలుల్లో దిగి పక్కన పరుగెత్తింది. కానీ జాగ్రత్తకి కాలం ఖర్చవుతుంది. చివరి కొండ దగ్గరికి వచ్చేసరికి నీడలు పొడుగయ్యాయి. గడువు దగ్గరపడింది. ఈ కొండ తిరిగితే జెండాలు కనబడతాయి, అక్కడ్నించి తిన్నటి మైదానం. ఇక దౌడు తీయించక తప్పదు. తీయిస్తే గుండె ఎగురుతుందని తెలుసు. తీయించకపోతే గడువు దాటుతుందనీ తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. "తల్లీ, ఒక్కసారి" అని సమ్హా మెడ నిమిరి ముందుకి వంగింది. సమ్హా దౌడందుకుంది.

కొండ తిరిగారు. జెండాలు కనబడ్డాయి. జెండాలకీ వాళ్ళకీ మధ్య, దారి పక్కనే, మేకవెంట్రుకల నల్లటి గుడారాలు మూడు వరసగా కనబడ్డాయి.

ముందున్న గుడారం దగ్గర తురయ్యా అత్త పండగ గౌను తొడుక్కుని, పళ్ళెం పట్టుకుని నిలబడింది.

జౌజా లగాం విదిల్చింది. సమ్హాకి లగాంతో పనిలేదు. దౌడు నడకైంది. నడక నిలకడైంది. తాళ్ళ ముందు నిలబడి పళ్ళెంలోకి మూతి చాపింది.

"అత్తా! దారిలో ఉండనన్నావుగా!"

"ఉన్నానా? నీ దారిలోంచి తీసేశాను కదే, ఆ లోయలోంచి! నువ్వు గెలుస్తుంటే చూడొద్దా మరి? అందుకే ఇక్కడ వేయించాం. ఇక్కడైతే అన్నీ కనబడతాయి. దిగు, దిగు. మీ అమ్మ బాగుందా?"

"అమ్మ నీ పక్కనే ఉంది అత్తా!"

నిజమే. తల్లి గుడారం నీడలోంచి తల బయటపెట్టి, "నేను చెప్పానే, ఇది కూడా దారేనని! వింటేనా!" అంది.

జౌజా మడమలతో పొడిచింది. లగాం గుంజింది. సమ్హా ఖర్జూరం నములుతోంది. అమ్మాన్ వాళ్ళ ఎర్రగుర్రం, ఎక్కడ వెనకబడిందో ఏమో, ఇప్పుడు నురగలు కక్కుతూ పక్కనుంచి పోయింది. దాని వెనక మరో రెండు. గీత దగ్గర నుంచి ఫుహైద్ చేతులూపుతూ పెద్దగా అరుస్తున్నాడు. మామ నెత్తిమీది రుమాలు తీసి మళ్ళీ కట్టుకుంటున్నాడు.

అప్పుడు జౌజాకి చేతికింద సమ్హా మెడ తెలిసింది. నరం కొట్టుకోవడం తెలిసింది. అది నెమ్మదిస్తోంది. బకెట్ల నీళ్ళకి దిగని గుండె, అత్త చేతి ఖర్జూరానికి దిగుతోంది. జౌజా లగాం వదిలేసింది. జీను మీంచి కిందికి దూకింది.

"టీ ఇయ్యి అత్తా! తొందరగా!"

"తొందరేంటే, కాలుతుంది. మీ నాన్న నడుంనొప్పి..."

"బాగుంది. నాన్న బాగున్నాడు, మేకలు బాగున్నాయి, అందరం బాగున్నాం. ఇయ్యి!"

నాలుక కాలింది. కాలినా మింగింది. లగాం పట్టుకుని రెండో గుడారానికి పరుగెత్తింది. మిజ్నా అత్త టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి పోసి చల్లారుస్తూ సిద్ధంగా ఉంది. ఆ మనిషికి ముందునుంచీ తెలివెక్కువ. సమ్హా రొట్టె తింది. అంతలో పందెం పర్యవేక్షకుడు, నగరం నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగి, జీపులో దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగాడు.

"ఏమ్మా, ఇదేంటి? దారిలో సాయం తీసుకోకూడదని తెలీదా?"

"సాయమా?" మిజ్నా అత్త కళ్ళు పెద్దవి చేసింది. "టీ సాయమా నాయనా? మీ ఊళ్ళో టీని సాయమంటారా? ముందు దిగు. గుడారం ముందు బండి మీదే కూర్చుని మాట్లాడతారా ఎవరైనా?"

"కాదమ్మా, నిబంధన..."

"తాగాక చెబుదువుగాని."

ఆయన దిగాడు. దిగకపోతే ఎలా? గ్లాసు చేతిలో పడ్డాక నిబంధనలు తలచుకున్నాడు. గుర్రాన్ని వేరేవాళ్ళు నడిపించకూడదని ఉంది, తోలకూడదని ఉంది. ఆపకూడదని ఎక్కడా లేదు. పందెంలో ఉన్న గుర్రాన్ని ఆపి కూర్చోబెట్టేవాళ్ళుంటారని ఆ రాసినవాళ్ళకి తోచలేదు మరి. "ఎవరూ లగాం మాత్రం ముట్టుకోకండి" అని చెప్పి రెండో గ్లాసు అందుకున్నాడు.

మూడో గుడారంలో దఖీల్ తాత కాఫీ పోశాడు. జౌజా ఒక్క గుక్కలో మింగి కప్పు తిరిగిచ్చింది. ఆ కంగారులో ఊపడం మరిచింది. తాత ఎంతో ప్రేమగా మళ్ళీ నింపాడు.

"తాతా, చాలు!"

"ఊపలేదుగా తల్లీ."

అదీ తాగి, కప్పు విరిగిపోయేలా ఊపింది. సమ్హా తాత అరచేతిలో ఆఖరి బార్లీ గింజ నాకి, తల ఎత్తి, ఇప్పుడు చెప్పు ఎక్కడికి పోదాం అన్నట్టు చూసింది.

జౌజా జీను మీదికి ఎగిరింది. ముందు ఇంకే గుడారమూ లేదు. సమ్హా అడగకుండానే కదిలింది. దౌడు కాదు. తేలిగ్గా, తాళం వేసినట్టు, తలాడిస్తూ చిన్నపరుగున పోయింది. వెనకనుంచి అత్తలిద్దరూ సంబరంగా నాలుకలాడిస్తూ కేకలేశారు. ఫుహైద్ గొంతు పోయి నోరు మాత్రమే ఆడుతోంది. గీత దాటారు. గడువు అప్పటికి ఇంకా అయిపోలేదు. ఎంత మిగిలిందో తర్వాత ఎవరినడిగినా ఒక్కొక్కరూ ఒక్కోలా చెప్పారు.

అటుపక్కన ఎర్రగుర్రం మీద బకెట్లకి బకెట్లు గుమ్మరిస్తున్నారు. దాని గుండె దిగలేదు. దాని రౌతు పసిపిల్లాడిలా దాని ముఖానికి ముఖం ఆనించి నిలబడ్డాడు. జౌజాకి ఆ కుర్రాణ్ణి చూస్తే బాధేసింది. అదే చోట తానే ఉండాల్సింది.

డాక్టరమ్మ సమ్హా పక్కన వంగి స్టెతస్కోపు ఆనించింది. ముత్లగ్ మామ అయిదడుగుల దూరంలో ఉన్నాడు.

"యాభై ఎనిమిది" అంది డాక్టరమ్మ. ఇంకోసారి విని, "యాభై ఎనిమిదే" అంది. సమ్హాని అటూ ఇటూ పరుగెత్తించి కాళ్ళు చూసింది. చిగుళ్ళు నొక్కి చూసింది, డొక్కకి చెవి ఆనించి పేగుల చప్పుడు వింది. "గుర్రం బాగుంది. ఇంతకీ ఆఖర్లో ఏం చేశారు?"

"చుట్టరికాలకి పోయొచ్చామండీ" అంది జౌజా. అప్పుడు ఏడుపొచ్చింది. సమ్హా మెడ చుట్టూ చేతులు వేసి, అందరి ముందూ, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. ఫుహైద్ బకెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు.

కాసేపయ్యాక మామ దగ్గరికొచ్చాడు. సమ్హా నుదుటి మీద చెయ్యి వేసి ఉంచాడు. ఆయన ముఖం పక్కకి తిప్పుకోవడం జౌజా చూసింది. ఈయనకి నిజంగానే ఇది కావాలి, ఊరికే పంతం కాదు అని ఆమెకి అప్పుడే తెలిసింది. అది కన్నుతెరిచిన రాత్రి దాన్ని గడ్డితో తుడిచింది ఆ చేతులే.

"మరుగుజ్జన్నాను" అన్నాడు మామ మెల్లగా. "నాకు కళ్ళు లేవు."

"పసిగుర్రాన్ని చూసి ఎవరు చెప్పగలరు మామా."

"నీది. అయిపోయింది, మాటంటే మాటే." చెయ్యి మాత్రం తియ్యలేదు. "అప్పుడప్పుడూ వచ్చి చూసి పోతా. అభ్యంతరమా?"

"అయ్యో, అదేం మాట? రా మామా, ఎప్పుడు కావాలంటే అప్పుడు రా. పిల్ల పుడితే ముందు నీకే చెప్తా." జౌజా కళ్ళు తుడుచుకుంది. "కానీ పెందలాడే బయల్దేరు. మా ఇంటికి రావాలంటే ముందు లోయ దాటాలి."

"అయితే?"

గుడారాల వైపు నుంచి తురయ్యా అత్త గొంతు మైదానమంతా వినబడింది. "ఒరే ముత్లగ్! అక్కడే నిలబడతావేంరా, ఇంత దూరమొచ్చి మా గుమ్మం తొక్కకుండా పోదామనే? కాఫీ చల్లారిపోతోంది!"

మామ రుమాలు సర్దుకున్నాడు. తలవంచుకుని, గుడారాల వైపు నడిచాడు.